సామ్రాజ్యాలు కూలాయి, సంఘం నిలిచింది: దీన్ని రుజువు అనొచ్చా?

ఒంగోలు పాఠకుడు

మొన్న క్రీస్తు రాజు ఆదివారం మా చర్చిలో దానియేలు రెండో అధ్యాయం మీద ప్రసంగం. ఆ కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. బబులోను రాజు నెబుకద్నెజరు కలలో పెద్ద ప్రతిమ కనిపిస్తుంది. తల బంగారం, రొమ్మూ చేతులూ వెండి, పొట్టా తొడలూ ఇత్తడి, కాళ్ళు ఇనుము, పాదాలు కొంత ఇనుము కొంత మట్టి. ఎవరి చెయ్యీ పడకుండా ఊడివచ్చిన రాయి ఒకటి ఆ పాదాలను కొడుతుంది. ప్రతిమ అంతా పొడై గాలికి కొట్టుకుపోతుంది, రాయి పర్వతమై భూమంతా నిండుతుంది. లోహాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే రాజ్యాలనీ, రాయి దేవుడు నిలబెట్టే రాజ్యమనీ, "దానికెన్నటికిని నాశనము కలుగదు" అనీ దానియేలు అర్థం చెబుతాడు.

ప్రసంగంలో స్క్రీన్ మీద మ్యాపులు వేసి ఒక్కొక్కదాని మీదా అడ్డగీత కొట్టుకుంటూ వెళ్ళారు. బబులోను క్రీ.పూ. 539లో పోయింది. పారసీకాన్ని అలెగ్జాండరు మింగాడు. అతనూ 33 ఏళ్ళు నిండకుండానే అదే బబులోనులో చనిపోయాడు. రోము పోయింది, బ్రిటిష్‌వాళ్ళూ పోయారు. సంఘం మాత్రం 2000 ఏళ్ళుగా ఉంది. కనుక క్రీస్తు రాజ్యం నిజం.

నేను విశ్వాసినే. కానీ ఆ "కనుక" నాకు మింగుడు పడటం లేదు. ఎక్కువ కాలం నిలవడమే రుజువైతే బౌద్ధం మనకంటే ఐదు వందల ఏళ్ళు పెద్దది. అశోకుడి సామ్రాజ్యం ఆయన పోయిన యాభై ఏళ్ళకే ముగిసింది, ఆయన చాటిన ధర్మం శ్రీలంకలో ఇప్పటికీ ఉంది. యూదులకైతే రాజ్యమే లేకుండా రెండు వేల ఏళ్ళు గడిచాయి, అయినా ఉన్నారు. వాళ్ళకు ఒప్పుకోని లెక్క మనకు మాత్రం ఎలా ఒప్పుతుంది? క్రీస్తు రాజ్యానికి అంతం లేదని నేను నమ్ముతాను. దానికి ఈ వాదన ఆధారం కాదంటాను. మీరేమంటారు?

సండేస్కూల్ టీచర్

వందనాలు బ్రదర్. మీరు మరీ లోతుకు వెళ్ళి తేలికైన విషయాన్ని కష్టం చేస్తున్నారు. ఈ మాట చెప్పింది మన పాస్టర్లు కాదు, సాక్షాత్తూ నెపోలియన్. సెయింట్ హెలెనా దీవిలో ఖైదీగా ఉన్నప్పుడు "అలెగ్జాండరు, సీజరు, నేను బలంతో సామ్రాజ్యాలు కట్టాం, అవి పోయాయి. యేసు ప్రేమతో కట్టాడు, ఆయన కోసం ఈరోజుకీ లక్షల మంది ప్రాణమిస్తారు" అన్న అర్థం వచ్చేలా అన్నాడు. అంతటి యుద్ధవీరుడే ఒప్పుకున్నాక మనకు డౌటెందుకు? ప్రతి ఏడాదీ నా క్లాసు పిల్లలకు ఇది చెబుతాను, చక్కగా ఎక్కుతుంది.

చరిత్ర మాస్టారు

టీచర్ గారూ, ఆ మాటతో కాస్త జాగ్రత్త. నెపోలియన్ చనిపోయింది 1821లో. ఆ సంభాషణ బాగా ప్రచారంలోకి వచ్చింది దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత ఫ్రాన్సులో అచ్చయిన ఒక భక్తి పుస్తకం వల్ల. దాన్ని రాసినాయన ఆ దీవిలో లేడు. నెపోలియన్ అలాంటిదేదో అని ఉండొచ్చు, మతం గురించి అక్కడ రకరకాలుగా మాట్లాడాడు, వాటిలో ఒకదానికొకటి పొసగనివీ ఉన్నాయి. పిల్లలకు చెప్పేటప్పుడు "అన్నాడని చెబుతారు" అంటే సరిపోతుంది.

పాఠకుడు గారి ప్రశ్నకు వస్తాను. "మాకు అంతం లేదు" అని చెప్పుకోవడం క్రైస్తవులతో మొదలవలేదు. క్రీస్తు పుట్టకముందు, అగస్టస్ సీజరు రోజుల్లోనే, రోమన్ కవి వర్జిల్ తన కావ్యంలో రోమన్లకు అంతులేని సామ్రాజ్యం ఇచ్చానని జూపిటర్ దేవుడి నోట పలికించాడు. ఆ తర్వాత లూకా సువార్తలో గబ్రియేలు దూత మరియతో "ఆయన రాజ్యము అంతము లేనిదై యుండును" అంటాడు. ఇద్దరూ ఒకే చక్రవర్తి కాలం గురించి మాట్లాడుతున్నారు. మొదటి శతాబ్దంలో ఈ వాక్యం విన్నవాళ్ళకు ఇది రోముకు పోటీగా వేసిన మాట అని వెంటనే తెలిసి ఉంటుంది. రెండు వేల ఏళ్ళ తర్వాత లెక్క చూసి గెలిచామనడం వేరు, లెక్కేమీ లేని రోజున ఆ మాట అనడం వేరు. నాకైతే రెండోదే ఆశ్చర్యం.

ప్రశ్నార్థకం

నేను నమ్మేవాణ్ణి కాదు, ముందే చెప్పేస్తున్నా. అయినా పాఠకుడు గారితో సగం ఏకీభవిస్తాను.

మిగతా సగం ఏమిటంటే, సామ్రాజ్యాలు కూలితే సంఘం నిలిచిందనడంలో ఒక మాయ ఉంది. సంఘం నిలిచిందే సామ్రాజ్యాల భుజం మీద. 313లో రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ చేరదీశాడు. 380లో థియోడోసియస్ దాన్ని రాజమతం చేశాడు. ఫ్రాంకుల రాజు షార్లమేన్ సాక్సన్లకు కత్తి చూపించి బాప్తిస్మం ఇప్పించాడు, 782లో వెర్డెన్ దగ్గర ఒక్కరోజే 4500 మందిని చంపించాడని అతని ఆస్థాన చరిత్రే రాసుకుంది. స్పెయిన్‌వాళ్ళు అమెరికా ఖండాల్లో, పోర్చుగీసువాళ్ళు గోవాలో ఏం చేశారో అందరికీ తెలుసు. గోవాలో మతం తప్పారన్నవాళ్ళను శిక్షించే విచారణ సభ (ఇంక్విజిషన్) పెట్టింది 1560లో. ఒక బండి పాడైతే సామాను ఇంకో బండిలోకి మార్చుకుంటూ వచ్చి, చివర్లో "చూశారా, బండ్లన్నీ పోయాయి, సామాను మిగిలింది" అంటే ఎలా?

సండేస్కూల్ టీచర్

మొదటి మూడు వందల ఏళ్ళూ ఏ బండీ లేదు కదండీ. సింహాల నోట పడ్డారు.

ప్రశ్నార్థకం

ఒప్పుకుంటాను. కానీ ఆ మూడు వందల ఏళ్ళ చివర సామ్రాజ్యంలో క్రైస్తవులు పదోవంతో ఆ చుట్టుపక్కలో ఉంటారని చరిత్రకారుల అంచనా. కాన్‌స్టంటైన్ రాకపోయి ఉంటే కథ ఎటు పోయేదో ఎవరు చెప్పగలరు?

చరిత్ర మాస్టారు

కొంతవరకు చెప్పొచ్చు, ఎందుకంటే కాన్‌స్టంటైన్ లేని చోట్లా సంఘాలు ఉన్నాయి. రోముకు అవతల పారసీక సామ్రాజ్యంలో సిరియాక్ భాష మాట్లాడే సంఘం ఉండేది. కాన్‌స్టంటైన్ క్రైస్తవుల పక్షం వహించాక వాళ్ళకు మేలు కంటే కీడే ఎక్కువ జరిగింది. శత్రువు మతంవాళ్ళు కదా అని రెండో షాపూరు 340 ప్రాంతం నుంచి వాళ్ళను వేటాడాడు. ఏ క్రైస్తవ రాజూ అండ లేకుండా ఆ సంఘం మన కేరళ దాకా, చైనా దాకా వెళ్ళింది. చైనాలో షియాన్ దగ్గర వాళ్ళు 781లో నిలబెట్టిన రాతి శాసనం ఇప్పటికీ ఉంది.

అయితే ఈ ఉదాహరణ రెండువైపులా కోస్తుంది. శాసనం మిగిలింది గానీ చైనాలో ఆ సంఘం మిగల్లేదు. తొమ్మిదో శతాబ్దంలో దెబ్బ తిని, మంగోలుల కాలంలో మళ్ళీ కాస్త లేచి, ఆ తర్వాత మాయమైంది.

సీయోను బాట

ప్రైజ్ ది లార్డ్. ఇక్కడ అందరూ ఒక మూల విషయం మర్చిపోయి మాట్లాడుతున్నారు. రాయి ఇంకా పడలేదు. ప్రతిమ పాదాల కాలంలో, అంటే ఆఖరి దినాల్లో, యేసు ప్రభువు రెండో రాకడలో ఆ రాజ్యం వస్తుంది. ప్రకటన 20 ప్రకారం వెయ్యేళ్ళ పరిపాలన. ఇప్పుడున్నది కృపాకాలం. సంఘాన్నే రాజ్యం అనుకుంటే కాన్‌స్టంటైన్, గోవా అన్నీ మన మెడకు చుట్టుకుంటాయి. సంఘం వేరు, రాజ్యం వేరు అని తెలుసుకుంటే ప్రశ్నార్థకం గారి వాదనకు ఆధారమే ఉండదు. ప్రతిమ పాదాల పది వేళ్ళు అంటే పాత రోము గడ్డ మీద మళ్ళీ లేచే పది రాజ్యాల కూటమి. యూరప్ వైపు చూస్తూ ఉండండి.

డాలస్ తెలుగు

సీయోను బాట బ్రదర్, యూరప్ వైపు మా నాన్నగారు 1981 నుంచే చూస్తున్నారు. ఆ ఏడాది గ్రీసు చేరగానే అప్పటి యూరోపియన్ కమ్యూనిటీలో దేశాలు సరిగ్గా పదయ్యాయి. కన్వెన్షన్లలో ఎంత ఉత్సాహమో, వేళ్ళు లెక్కపెట్టి చూపించేవారట. 1986లో స్పెయిన్, పోర్చుగల్ వచ్చి పన్నెండయ్యాయి. ఇప్పుడు బ్రిటన్ వెళ్ళిపోయాక కూడా ఇరవై ఏడు. వాక్యం తప్పు కాదు గానీ, పేపర్ చూసి వేళ్ళు లెక్కపెట్టే పద్ధతి ఆపేస్తే బాగుంటుంది.

సీయోను బాట

కొందరు తొందరపడి లెక్కలు చెప్పినంత మాత్రాన ప్రవచనం తప్పిపోదు. ఒక్క సంగతి అడుగుతాను: రాయి తగిలిన క్షణంలో ప్రతిమ మొత్తం ఒకేసారి పొడి అవుతుందని కదా వాక్యం. మొదటి శతాబ్దంలో రోము పొడైందా? అవలేదు. పశ్చిమ రోము 476 దాకా, కాన్‌స్టాంటినోపుల్ 1453 దాకా నడిచాయి. మరి రాయి అప్పుడే పడిందని ఎలా అంటారు?

చరిత్ర మాస్టారు

మంచి ప్రశ్న, తేలికగా తీసెయ్యలేం. అయితే నాలుగో రాజ్యం రోమే అనే దగ్గరా పేచీ ఉంది. చాలామంది బైబిలు పండితులు బబులోను, మాదీయులు, పారసీకులు, గ్రీకులు అని లెక్కపెడతారు. ఇనుమూ మట్టీ అంటే అలెగ్జాండరు తర్వాత సిరియానూ ఐగుప్తునూ పంచుకుని, పిల్లనిచ్చి పుచ్చుకున్నా కలిసి ఉండలేకపోయిన రాజవంశాలు. గ్రంథం ఇప్పుడున్న రూపంలో సిరియా రాజు అంతియొకస్ ఎపిఫనేసు యూదులను హింసించిన రోజుల్లో, క్రీ.పూ. 165 ప్రాంతంలో, వచ్చిందని వాళ్ళ అభిప్రాయం.

ఇది నిన్నా మొన్నా పుట్టిన వాదన కాదు. మూడో శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్వవేత్త ఈ మాటే అన్నాడు. అతని పుస్తకాన్ని క్రైస్తవ చక్రవర్తులు తగలబెట్టించారు. దానికి జవాబు చెప్పడానికి 407లో జెరోము దానియేలుకు వ్యాఖ్యానం రాశాడు, అందులో పోర్ఫిరీ వాదనను వివరంగా ఎత్తి చూపాడు గనుక అది మనదాకా వచ్చింది. తగలబెట్టినవాళ్ళ కంటే జవాబు రాసినాయనే ఎక్కువ మేలు చేశాడు.

ఇంకో తమాషా. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు రోమన్ పాఠకుల కోసం ఈ కల కథంతా చెప్పి, రాయి దగ్గరికి వచ్చేసరికి "నేను గడిచినవి చెప్పేవాణ్ణి, రాబోయేవి కాదు, కావాలంటే దానియేలు గ్రంథం చదువుకోండి" అన్న ధోరణిలో జారుకుంటాడు. చక్రవర్తి అండలో బతికేవాడు, ఆ రాయి ఎవరి కాళ్ళ మీద పడుతుందో చెప్పే ధైర్యం చెయ్యలేదు.

గుణదల వాసి

అందరికీ వందనాలు. అసలు ఈ పండుగ ఎందుకు వచ్చిందో ఎవరూ ఎత్తలేదు. క్రీస్తు రాజు పండుగను పెట్టింది 1925లో పదకొండో పియుస్ పోపు గారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఏడేళ్ళు. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఒట్టోమన్, నాలుగు సామ్రాజ్యాలు ఆ యుద్ధంతో కూలాయి. వాటి చోట కొత్త దేవుళ్ళు లేస్తున్నారు: జాతి, పార్టీ, నాయకుడు. ఇటలీలో ముసోలినీ వచ్చి మూడేళ్ళయింది. ఆ వేళ "రాజు ఈయనే" అని ప్రకటించడం పాతవాటి చావు చూసి సంబరపడటం కాదు, కొత్తవాటికి హెచ్చరిక.

రెండేళ్ళకే మెక్సికోలో ఆ మాట మీద ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం ఆరాధన మీద ఆంక్షలు పెట్టింది. మిగ్వెల్ ప్రో అనే జెస్విట్ గురువును 1927 నవంబరు 23న తుపాకులకు ఎదురుగా నిలబెడితే, చేతులు సిలువలా చాపి "క్రీస్తు రాజుకు జై" అని స్పానిష్‌లో అన్నారు. జనం భయపడతారని ప్రభుత్వమే ఫోటోలు తీయించింది. ఆ ఫోటోలే పవిత్ర చిత్రాలై ఇళ్ళలోకి వెళ్ళాయి.

ప్రశ్నార్థకం

గుణదల గారూ, మిగ్వెల్ ప్రో విషయంలో నాకు గౌరవమే. కానీ అదే జెండా పట్టుకుని మెక్సికో రైతులు మూడేళ్ళు తుపాకులతో యుద్ధమూ చేశారు. ఇక అదే పోపు 1929లో ఆ ముసోలినీతోనే సంతకాలు చేసి 0.44 చదరపు కిలోమీటర్ల సొంత రాజ్యం పుచ్చుకున్నాడు. హెచ్చరిక కాస్త మెత్తగా ఉన్నట్టుంది.

గుణదల వాసి

అంతకుముందు వెయ్యేళ్ళకు పైగా పోపులకు ఇటలీ నడుమ పెద్ద రాజ్యమే ఉండేది, 1870లో పోయింది. అది పోవడం వల్ల సంఘానికి మేలే జరిగిందని ఇప్పుడు మా గురువులే అంటారు. మెక్సికో తుపాకుల సంగతికి నా దగ్గర సులువైన జవాబు లేదు.

ఒంగోలు పాఠకుడు

చాలా విషయాలు వచ్చాయి. నేను అడిగినదానికి నా జవాబు కొంచెం వివరంగా రాస్తాను.

మాస్టారు చైనా సంగతి ఎత్తారు. నాకు అంతకంటే దగ్గరివి ఏడు సంఘాలు. ప్రకటన గ్రంథం మొదట్లో ఎఫెసు, స్ముర్న, పెర్గము అని ఏడు ఊళ్ళ సంఘాలకు ఉత్తరాలున్నాయి. అవన్నీ ఇప్పటి టర్కీలో ఉన్నాయి. ఎఫెసు శిథిలాలను టూరిస్టులు చూసి వస్తారు. పౌలు మూడేళ్ళ పాటు ఉన్న ఊరు అది, 431లో మహాసభ జరిగిన ఊరు. అక్కడ ఆరాధన ఆగిపోయి వందల ఏళ్ళయింది. అగస్టీను బిషప్పుగా ఉన్న హిప్పో ఇప్పుడు అల్జీరియాలో అన్నాబా. అక్కడి కొండ మీద ఆయన పేరున ఉన్న పెద్ద చర్చి ఫ్రెంచి వలసపాలకులు కట్టింది. అంటే "సంఘం నిలిచింది" అనే మ్యాపు మీద కూడా అడ్డగీతలు కొట్టాల్సిన చోట్లు చాలానే ఉన్నాయి. మన ప్రసంగాల్లో ఆ మ్యాపు ఎవరూ చూపించరు.

కానీ ఇది విశ్వాసానికి దెబ్బ అని నేను అనుకోను. ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరంలోనే ఉంది: మారుమనస్సు పొందకపోతే "నీ దీపస్తంభమును దాని చోటనుండి తీసివేతును". ఏ ఊరి సంఘానికీ ఏ దేశపు క్రైస్తవానికీ శాశ్వతత్వం మాట ఇవ్వలేదు. తీసేస్తానని హెచ్చరించింది స్వయంగా రాజే. మనం మాత్రం ఆ హెచ్చరికను రోముకూ బ్రిటిష్‌వాళ్ళకూ పంపి, మన అడ్రసు కొట్టేసుకున్నాం.

అగస్టీను గారు ఈ విషయంలో నాకు నచ్చేది ఇందుకే. 410లో గోతుల నాయకుడు అలారిక్ రోమును దోచుకున్నాడు. పాత దేవుళ్ళను వదిలేసినందుకే ఈ గతి పట్టిందని కొందరన్నారు. క్రైస్తవ చక్రవర్తులున్నా దేవుడు కాపాడలేదేమిటని క్రైస్తవులూ కంగారుపడ్డారు. ఆయన 413లో మొదలుపెట్టి దాదాపు పదమూడేళ్ళు రాసి ఇరవై రెండు భాగాల్లో జవాబు చెప్పాడు. రోము దేవుని రాజ్యమూ కాదు, సైతాను రాజ్యమని కొట్టెయ్యదగ్గదీ కాదు. దేవుని పట్టణం, లోకపు పట్టణం, ఈ రెండూ ఈ లోకంలో కలగాపులగంగా ఉన్నాయి, తీర్పు దాకా విడదియ్యలేం, ఒకే చర్చి బెంచీ మీద రెండు పట్టణాలవాళ్ళూ కూర్చుంటారు.

దీనికి సరిగ్గా ఎదురుగా, సంఘ చరిత్ర రాసిన బిషప్పు యూసేబియస్ ఉన్నాడు. 325లో కాన్‌స్టంటైన్ తన పాలన ఇరవయ్యో ఏడు పండుగకు బిషప్పులను విందుకు పిలిచాడు. కత్తులు దూసి నిలబడ్డ భటుల మధ్య నుంచి బిషప్పులు నిర్భయంగా నడిచి లోపలికి వెళ్ళారట. అది చూస్తే క్రీస్తు రాజ్యం చిత్రంలా, కలలా ఉందని యూసేబియస్ రాశాడు. ఆ బిషప్పుల్లో కొందరు అంతకుముందు హింసల్లో కన్నో కాలో పోగొట్టుకున్నవాళ్ళు, వాళ్ళ సంతోషం అర్థం చేసుకోగలను. అయినా క్రీస్తు రాజ్యానికి బొమ్మ గియ్యమంటే దూసిన కత్తుల మధ్య విందు గుర్తుకొచ్చిందంటే ఏదో తేడా కొట్టినట్టే.

రాయిని మనమే తోద్దామనుకున్నవాళ్ళ గతి ఏమైందో కూడా చూడాలి. 1534లో జర్మనీలోని మున్‌స్టర్ పట్టణాన్ని కొందరు పట్టుకుని అదే కొత్త యెరూషలేమన్నారు. లైడెన్ యాన్ అనే దర్జీ రాజయ్యాడు, బహుభార్యత్వం పెట్టాడు, ఎదురు తిరిగినవాళ్ళ తలలు తీయించాడు. ఏడాదికే పట్టణం పడిపోయింది. నాయకుల శవాలను వేలాడదీసిన ఇనుప బోనులు ఆ ఊరి చర్చి గోపురానికి ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లండులో 1649లో మొదటి చార్లెసు తల తీశాక, దానియేలు చెప్పిన నాలుగు రాజ్యాలూ అయిపోయాయి, ఐదోది యేసుది అని ఒక గుంపు బయల్దేరింది. 1661 జనవరిలో పిడికెడు మంది కత్తులు పట్టుకుని లండన్ వీధుల్లోకి వచ్చి చచ్చిపోయారు. "ఎవరి చెయ్యీ పడకుండా" అన్న ఒక్క మాట వాళ్ళు చదవలేదో, చదివి వదిలేశారో.

పిలాతు ముందు ప్రభువు అన్నది "నా రాజ్యము ఈ లోకసంబంధమైనది కాదు". అదైతే నా సేవకులు పోరాడుదురు అని వెంటనే కారణమూ చెప్పాడు. లోకపు రాజ్యాలకు ఉండే గుర్తు అది. సీజర్లతో వయసు పందెం వేసి గెలిచామనుకుంటే మనమూ సీజరు కొలబద్దతోనే కొలుచుకున్నట్టు.

ప్రశ్నార్థకం

బాగా రాశారు. కానీ ఇబ్బంది ఒకటుంది. సంఘం పెరిగితే రాజ్యం పెరిగిందంటారు. ఎఫెసులో సంఘం పోతే, రాజ్యం పోలేదు, దీపస్తంభం తీసేశారంటారు. కత్తి పడితే అది రాజ్యం కాదంటారు. ఏం జరిగినా చెక్కుచెదరని వాదన ఏ సంగతీ చెప్పని వాదన అవుతుంది. ఏది జరిగితే క్రీస్తు రాజ్యం అబద్ధమని మీరు ఒప్పుకుంటారు?

ఒంగోలు పాఠకుడు

క్రీస్తు లేచి ఉండకపోతే. పౌలు కొరింథీయులకు తేల్చి చెప్పింది అదే, అప్పుడు మన విశ్వాసం వ్యర్థం. రాజు బతికున్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. చర్చి మెంబర్ల లెక్కలతో ఆ ప్రశ్న తేలదు. మీరు దాన్ని ఒప్పుకోరని తెలుసు, కనీసం మన పేచీ సరైన చోట ఉంటుంది.

గుండ్లకమ్మ ఒడ్డు

మూడు రోజులుగా చదువుతున్నాను. అన్నీ చక్రవర్తులూ పోపులూ బిషప్పుల కథలే. మా వైపు నుంచి ఒక మాట చెబుతాను.

మా ముత్తాతల వాళ్ళు మాదిగలు. 1878 జూలై 3న ఒంగోలుకు దగ్గరలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఆ గుంపులో మావాళ్ళూ ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. అంతకుముందు రెండేళ్ళు భయంకరమైన కరువు. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని కూలి ఇచ్చాడు. "అన్నం కోసం కలిసిన క్రైస్తవులు" అని ఎవరైనా అంటారని ముందే చెబుతున్నా, కరువు పని జరిగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాకే మళ్ళీ మొదలుపెట్టాడు.

మావాళ్ళకు "యేసు రాజు" అంటే బబులోను కంటే ఎక్కువ కాలం నిలిచేవాడని కాదు. వాళ్ళు బబులోను పేరు కూడా వినలేదు. ఊళ్ళో మున్సబు, కరణం, ఆసామి, వీళ్ళకు పైన ఇంకో రాజున్నాడు, ఆయన నన్ను పేరు పెట్టి పిలుస్తాడు అని. ఆదివారం వెట్టికి రాం, జాతరలో డప్పు కొట్టం అన్నారు. దెబ్బలు తిన్నారు. ఊరిబావి దగ్గరికి రానివ్వలేదు. బ్రిటిష్ సామ్రాజ్యం ఎప్పుడు కూలుతుందని వాళ్ళు ఎదురుచూడలేదు, వాళ్ళ మీద ఉన్న సామ్రాజ్యం వేరే.

ఇప్పటి సంగతీ చెప్పాలి కదా. మన సంఘాల్లో ఎన్నికలు వస్తే మాల ప్యానెల్, మాదిగ ప్యానెల్. మిషన్ స్థలాల మీద కోర్టు కేసులు. ఒక్క కుర్చీ కోసం పోలీసు బందోబస్తు. కొన్ని ఊళ్ళలో చర్చి పెద్దను పలకరించడానికి చెప్పులు విప్పాలి. "అన్యజనుల అధికారులు వారిమీద ప్రభుత్వము చేయుదురు, మీలో ఆలాగుండకూడదు" అన్నది ఏ సామ్రాజ్యాన్ని ఉద్దేశించి? శిష్యులను ఉద్దేశించి కదా. రాజ్యం ఎన్నేళ్ళు నిలిచిందో తర్వాత చూద్దాం, ముందు ఆ రాజు పద్ధతి మన కమిటీ రూములో నడుస్తోందా?

డాలస్ తెలుగు

అక్కా, ఇక్కడ డాలస్‌లోనూ తెలుగు సంఘాలు రెండుగా చీలి, ఆ రెండూ మళ్ళీ చీలాయి. కులం పేరు ఎవరూ ఎత్తరు. పాట్‌లక్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చూస్తే చాలు.

ప్రశ్నార్థకం

గుండ్లకమ్మ గారూ, మీ పూర్వీకులు డప్పు కొట్టం అన్నదానికి దండం పెడతాను. అయితే వాళ్ళకు ఆ ధైర్యం రావడానికి పైన తెల్లదొరల పాలన ఉండటం కొంతైనా కారణం కాదా?

గుండ్లకమ్మ ఒడ్డు

కొంత కారణమే. క్లౌ దొర అమెరికా మిషన్‌వాడు గానీ కలెక్టరు ఆయన మాట వినేవాడు, నిజం. కానీ తెల్లదొరల పాలన ఉన్నచోటల్లా మాదిగలు లేవలేదు. యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని పల్లె పల్లెకూ నడిచి చెప్పాడు, చర్మకారుల ఇళ్ళ అరుగుల మీద కూర్చుని. అతని వెనక ఏ కలెక్టరూ లేడు. పైగా ఈస్టిండియా కంపెనీ మిషనరీల పక్షపాతి అనుకోవడం సగం చరిత్రే. 1813 దాకా మిషనరీలను తన భూభాగంలో తేలిగ్గా ఉండనిచ్చేది కాదు, అందుకే ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1800లో డేన్ల పాలనలో ఉన్న సీరాంపూరుకు చేరాడు. మద్రాసు రాష్ట్రంలో గుళ్ళ మాన్యాల అజమాయిషీ మాత్రం కంపెనీ బోర్డే చూసేది.

చరిత్ర మాస్టారు

దానికి ఒక తేదీ కలుపుతాను. 1947 ఆగస్టు 15న దొరలు వెళ్ళారు. సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్‌వాళ్ళు ఇంగ్లండులోనే కలవలేకపోతే ఇక్కడ కలిశారు. దాని కోసం పాతికేళ్ళకు పైగా పాటుపడ్డవాళ్ళలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు అజరయ్య, చూడకుండానే 1945లో పోయారు. సామ్రాజ్యం పోతే దాని చర్చీ పోతుందని అనుకున్నవాళ్ళకు ఇదొక జవాబు. ఇది క్రీస్తు రాజ్యానికి రుజువని అనను, పాఠకుడు గారు ఊరుకోరు.

సీయోను బాట గారి ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి ఒక పాత తగాదా చెబుతాను. ఈ రాజ్యానికి అంతముందా లేదా అని క్రైస్తవులే నాలుగో శతాబ్దంలో కొట్టుకున్నారు. అంకురా బిషప్పు మార్సెల్లస్, కొరింథు పత్రిక పదిహేనో అధ్యాయం పట్టుకున్నాడు. చివర క్రీస్తు "తండ్రియైన దేవునికి రాజ్యము అప్పగించును" అని ఉంది కదా, కనుక కుమారుడి రాజ్యం ఒక పనికోసం ఏర్పడింది, పని తీరాక ముగుస్తుందన్నాడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. 381 కాన్‌స్టాంటినోపుల్ సభ విశ్వాసప్రమాణంలో "ఆయన రాజ్యానికి అంతం లేదు" అన్న మాట ఉండటానికి అతనే కారణం. ప్రతి ఆదివారం మనం చెప్పే ఆ మాట నిజానికి సీజర్లను ఉద్దేశించి పెట్టింది కాదు, ఒక బిషప్పుకు జవాబు.

అంటే రాజ్యాన్ని అప్పగించేసే రాజు, అంతం లేని రాజ్యం, ఈ రెండూ వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. చక్రవర్తులు సింహాసనాన్ని ఇష్టంగా అప్పగించడం అరుదు. రోము చక్రవర్తి డయోక్లీషియన్ 305లో దిగిపోయి తోట పెంచుకున్నాడు, అతని వారసులు వెంటనే కొట్టుకు చచ్చారు. అప్పగించినా తరగని రాజ్యం ఎలా ఉంటుందో సామ్రాజ్యాల చరిత్ర చదివి మాత్రం ఊహించలేం.

సీయోను బాట

మాస్టారూ, పౌలు అదే వచనంలో "సమస్తమైన అధికారమును కొట్టివేసి" అన్నాడు. అది ఇంకా జరగలేదు, కళ్ళముందు కనిపిస్తూనే ఉంది. కాబట్టి రాజ్యం పూర్తిగా రావలసి ఉంది అన్న నా మాట నిలబడుతుంది. ఇప్పటికే వచ్చేసిందని అనేవాళ్ళు "నీ రాజ్యము వచ్చును గాక" అని ఇంకా ఎందుకు ప్రార్థిస్తున్నారో చెప్పండి.

ఒంగోలు పాఠకుడు

బ్రదర్, పూర్తిగా రాలేదన్నంతవరకు మీతోనే ఉన్నాను. మొదలే కాలేదంటేనే తేడా. గుండ్లకమ్మ గారి ముత్తాతలు డప్పు కింద పెట్టిన రోజు ఏ రాజు మాట విన్నట్టు?

సండేస్కూల్ టీచర్

ఇంత చర్చా చదివాను. నెపోలియన్‌ను పాఠంలోంచి తీసెయ్యను, పిల్లలకు అతనంటే ఇష్టం. మాస్టారు చెప్పినట్టు "అన్నాడని చెబుతారు" అని చేరుస్తాను. ఎఫెసు దీపస్తంభం మాత్రం వచ్చే వారమే చెబుతాను, మా సెక్రటరీ గారు కూడా కూర్చుంటే బాగుంటుంది. మాస్టారూ, జోసీఫసు ఆ రాయి దగ్గర జారుకున్నది ఎక్కడుంది?

చరిత్ర మాస్టారు

యూదుల ప్రాచీన చరిత్రలో, పదో భాగం, పదో అధ్యాయం, నాలుగో పేరాలో చూడండి టీచర్ గారూ.